బొమ్మ చూపించడానికి మాత్రమే

మా మేనత్త పోయింది. పొద్దున్నే కొట్టు షట్టర్ సగం ఎత్తానో లేదో బావ ఫోన్ చేశాడు. బావంటే ఆవిడ కొడుకే. నూజివీడుకీ ముసునూరుకీ మధ్య ఆటో నడుపుతాడు. "అమ్మ పోయిందే" అన్నాడు, అంతే. ఆవిడకి కొన్నాళ్లుగా జ్వరం. మొన్న ఆదివారం వెళ్లి చూసినప్పుడు మంచం మీద కూర్చునే ఉంది, చారు నీళ్లలా ఉందని కోడలి మీద కేకలేస్తూనే ఉంది. అంత ఓపిగ్గా తిట్టే మనిషి నాలుగు రోజుల్లో పోతుందని ఎవరనుకుంటారు? ఎత్తిన షట్టర్ మళ్లీ దించేశాను.

పక్క బేకరీ ఆయన తల బయటికి పెట్టి, "ఏంటి చెల్లెమ్మా, తీస్తూనే మూసేస్తున్నావు?" అనడిగాడు. విషయం చెప్పాను. అయ్యయ్యో అన్నాడు. తర్వాత తన కొట్టు ముందు దండలా వేలాడుతున్న పసుప్పచ్చ ప్యాకెట్ల వైపు చూసి, "ఈ మామ్మేనా?" అన్నాడు.

ఈ మామ్మే. మా నూజివీడు బస్టాండు నుంచి హనుమాన్ జంక్షన్ దాకా చాలా కొట్ల ముందు ఆ మామిడి తాండ్ర ప్యాకెట్లు మీరు చూసే ఉంటారు. వాటి మీద చాప ముందు కూర్చుని నవ్వుతున్న ముసలావిడ మా మేనత్త. ఆ ప్యాకెట్ లోపలి తాండ్రలో ఒక్క పొర కూడా ఆవిడ వేసింది కాదు. ఈ రెండు మాటలూ ఎవరో ఒకరు రాసిపెట్టాలి. ఆవిడకి చదువు రాదు, బావకి తీరిక లేదు. ఇంటర్ దాకా చదివి కిరాణా కొట్టు పెట్టుకున్నదాన్ని నేనే మిగిలాను. కోపంతోనే రాస్తున్నాను, ముందే చెబుతున్నా.

నా చిన్నప్పుడు వేసవి సెలవులంటే ముసునూరే. మా నాన్న తోటల్లో కాపలాకి పోయేవాడు, మమ్మల్ని అత్త దగ్గర దింపేవాడు. అత్త మాకు అన్నం పెట్టేది, దానికి బదులుగా ఈగలు తోలించేది. వాకిట్లో వరసగా ఈతాకు చాపలు, వాటి మీద పలచగా రసాల గుజ్జు, పక్కన ఒక్కొక్క చాపకి ఒక్కొక్క పిల్ల, చేతిలో వేపమండ. చనిపోయిన మావయ్య పాత చొక్కా చీర మీద తొడుక్కుని, రెండు చేతులా మోచేతుల దాకా రసం పూసుకుని ఆవిడ మధ్యలో తిరుగుతుండేది. ఎవరైనా కునుకు తీస్తే ఆ తడి చేత్తోనే వీపు మీద ఒకటి పడేది. ఇంటికెళ్లాక మా అమ్మ మా బట్టల మీది మరకల్ని బట్టి ఎన్నిసార్లు నిద్రపోయామో కనిపెట్టేసేది.

ప్రతి గంపలోంచీ ఒక కాయ తీసి రుచి చూసేది. నచ్చితే ఏమీ అనేది కాదు. నచ్చకపోతే తోట యజమానికి వినబడేలా, "ఇది పండు కాదురా, పాత పగ" అనేది. పండు పిండి, పీచు పోయేలా పంచెగుడ్డలో వడగట్టి, చాప మీద అరచేత్తో పరిచేది. ఈ రోజు వేసిన పొర ఎండితేనే రేపు ఇంకో పొర. తొందరపడి తడి మీద పోస్తే లోపల బూజు పడుతుంది. "కింది పొర ఏడుస్తుంటే పై పొర నవ్వదే" అనేది. ఈ మాట తాండ్రకే కాదు, పెళ్లి సంబంధాలకీ, అన్నదమ్ముల పంపకాలకీ కూడా వాడేది. ఎవరూ అడక్కుండానే వాడేది కాబట్టి చుట్టాల్లో ఆవిడంటే కొంచెం దడే.

తాండ్ర ఒక్కదాంతో ఏడాది గడవదు. మిగతా రోజుల్లో కూలికి పోయేది. ఒక వేసవిలో ఊళ్లో కాయల షెడ్డులో పని దొరికింది. కాయలు పేర్చి, ప్రతి గంప మధ్యలో ఒక పొడి పొట్లం పెట్టాలి. ఆ పొడి ఏంటో మీకు తెలుసు, అది వాడకూడదని షెడ్డు వాళ్లకీ తెలుసు. కాయ తెల్లారేసరికి పసుప్పచ్చగా మారేది. అత్త వేళ్లు పొక్కాయి. "కాయని పండించడం కాదిది, భయపెట్టడం. భయానికి రంగు మారిందంతే, లోపల ఇంకా పసిపిల్లే" అని పని మానేసి వచ్చేసింది. ఆ షెడ్డులో కూలి ఎక్కువని చాలామంది మానలేదు. వాళ్లని ఆవిడేమీ అనలేదు, షెడ్డు ముందు నుంచి వెళ్లేటప్పుడు మాత్రం మొహం అటు తిప్పేది కాదు.

నేను బస్టాండు దగ్గర కొట్టు పెట్టినప్పుడు తన తాండ్ర నాకే ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట్లో పేపర్లో చుట్టి అమ్మేవాళ్లం, తర్వాత ప్లాస్టిక్ కవర్లో పెట్టి రబ్బరు బ్యాండు వేసేవాళ్లం. ఒకరోజు ఫుడ్ ఆఫీసరు వచ్చాడు. మంచివాడే, కుర్రవాడే. కవరు చేత్తో పట్టుకుని, ప్యాక్ చేసి అమ్మేదానికి లేబుల్ ఉండాలని చెప్పాడు. ఎవరు చేశారు, ఎంత బరువు, ఎప్పుడు చేశారు, ఎన్నాళ్లు ఉంటుంది, శాకాహారమని పచ్చ చుక్క. అత్త అప్పుడే సరుకు తెచ్చి స్టూలు మీద కూర్చుని ఉంది. పచ్చ చుక్క అనగానే, "తాండ్రకి కూడా బొట్టు పెట్టాలా నాయనా?" అంది. ఆయన నవ్వాడు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాతే ఆయన నోరు జారాడు.

"ఇందులో ఏమేం కలుపుతారమ్మా?"

అత్త స్టూలు మీంచి లేచింది. "కలిపేదానిలా కనబడుతున్నానా నీకు?"

మా వైపు 'కలపడం' అంటే ఏంటో ఆయనకి తట్టలేదు. పాలవాడు కలుపుతాడు, కారంపొడి వాడు కలుపుతాడు, నూనె వాడు కలుపుతాడు. ఏం కలుపుతాడో ఎవరూ పైకి చెప్పరు, అందరికీ తెలుసు. ఒకరి సరుకు గురించి 'అది కలిపిందండీ' అన్నామంటే ఇంకో మాట అక్కర్లేదు. ఆయన ఫారంలో ఉన్న మాటని తెలుగులో అడిగాడు, ఆవిడ దొంగతనం అంటగట్టాడని అనుకుంది.

"అలా కాదమ్మా. రూలు ప్రకారం ఏమేం వేస్తారో రాయాలి. బెల్లం గట్రా వెయ్యరా?"

"వేస్తాం. పులుపు కాయొస్తే వేస్తాం. వెయ్యకపోతే నువ్వు తింటావా?"

"అదేనండీ కలపడమంటే."

"అది కలపడం కాదు బాబూ, సరిపెట్టడం. కూరలో ఉప్పు సరిపెట్టినట్టు. మీ ఆవిడ కూరలో ఉప్పు కలుపుతుందా?"

ఆయన నా వైపు చూశాడు. నాకు నవ్వాగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందత్తా అన్నాను ఆయన వెళ్లాక. దానికి నాకూ నాలుగు పడ్డాయి.

మర్నాడు బావ ఆటోలో మళ్లీ వచ్చింది. మంచినీళ్లు తాగి, పైట చెంగుతో మూతి తుడుచుకుని, "బెల్లం రాయి" అంది.

"ఎందుకత్తా? ఏమీ కలపలేదని రాయించేద్దాం. అందరూ అదే రాస్తున్నారు."

"వేస్తున్నాను కదే. వేసి, వెయ్యలేదంటే ఆ పొడి పొట్లాల వాళ్లకీ నాకూ తేడా ఏంటి?"

ఆఫీసరు దగ్గరికెళ్లి తనే లైసెన్సు సంగతి కనుక్కుంది. ఏది ముందు రాయాలి, ఏది వెనక రాయాలి అని కూడా అడిగింది. బరువులో ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత అని ఆయన చెప్పాడు. ఆ ఒక్క రూలూ ఆవిడకి తెగ నచ్చేసింది. ఎన్నాళ్లయినా దాన్ని వదల్లేదు. "మనుషులకీ ఈ రూలు పెడితే బాగుండేదే. ఎక్కువున్నది ముందు రాసుకుని తిరగాలి" అనేది. బావ మీద ముందు నిద్ర రాయాలి, తర్వాత సెల్‌ఫోను, ఆఖర్న ఆటో. మరి నా మీదో అనడిగితే, "నీ మీదా? ముందు నోరు. తర్వాత కూడా నోరే" అంది. అది నిజమని ఈ కాగితం చదువుతున్న మీకూ తెలుస్తూనే ఉంటుంది.

అలా మా తాండ్రకి లేబుల్ వచ్చింది. జిరాక్స్ సెంటర్లో కొట్టించాం. మామిడి రసం, బెల్లం. రెండే మాటలు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఏళ్ల తరబడి కొన్నవాళ్లే కవరు చేతిలోకి తీసుకుని, "అయ్యో, దీంట్లో బెల్లం కలుపుతారాండీ? వేరే కంపెనీ వాళ్లది ఏమీ కలపలేదని రాసుంది" అనడం మొదలుపెట్టారు. ఆ వేరే కంపెనీ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూపించాను. అక్కడ వరసగా అన్నీ ఉన్నాయి. వాళ్లు చదవలేదు. ముందు పెద్దక్షరాలు చదవడానికి కళ్లజోడు అక్కర్లేదు, వెనక చిన్నక్షరాలు చదవాలంటే కళ్లజోడూ కావాలి, తీరికా కావాలి. బస్సు ఎక్కేవాడికి రెండూ ఉండవు. చేసినవాళ్లు ఆ సంగతి తెలిసే చేశారు.

అమ్మకం సగానికి పడిపోయినా అత్త లేబుల్ మార్చనివ్వలేదు. నేను గొడవపడ్డాను. "ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని నన్నేగా అంటున్నావు, అనుకో" అంది. చాపలు తగ్గించుకుంది.

ఆ తర్వాత వేసవిలో ముసునూరుకి కెమెరాలతో నలుగురు వచ్చారు. పాతకాలం తిండి గురించి వీడియో తీస్తున్నామన్నారట. వాకిట్లో చాపలు చూసి ఆహా అన్నారు, ఓహో అన్నారు. అత్తకి పొగడ్త కొత్త. మావయ్య చొక్కా విప్పి, పెట్టెలోని జరీ చీర కట్టుకుంది. ఆ చీరతో ఎవరైనా తాండ్ర వేస్తారా? వాళ్లు వెయ్యమన్నారు, ఆవిడ వేసింది. గుజ్జు పరుస్తుండగా వాళ్లలో ఒకడు, "మామ్మగారూ, ఇందులో ఏం కలుపుతారండీ?" అన్నాడు. మళ్లీ అదే మాట. ఆవిడకి చిర్రెత్తి, "ఎండ కలుపుతా. ఇంకేం కలుపుతా!" అంది. వాళ్లు చప్పట్లు కొట్టారట. ఇంకోసారి నవ్వుతూ అనమన్నారట. పోతూపోతూ ఒక చీర, ఒక హాట్ బాక్సు చేతిలో పెట్టారు. మంచి పిల్లలే అనుకుంది, మాకందరికీ హాట్ బాక్సు చూపించింది.

మరుసటి సీజన్‌కి ప్యాకెట్ వచ్చింది. బావ ఆటోలో ఎవరో ప్రయాణికుడు తిని పడేసిన ఖాళీ కవరు మీద అమ్మ మొహం చూసి, దాన్ని తుడిచి, తిన్నగా నా కొట్టుకి తెచ్చాడు. పైన పెద్దక్షరాల్లో మామ్మ చేతి తాండ్ర. కింద, "ఏం కలిపాం? కాస్త ఎండ!" కోపంతో అన్న మాటని నోరూరించే మాట చేశారు.

అత్తకి చూపించాం. ముందు పకపకా నవ్వింది. "నా ముక్కు ఇంత లావుందేంటే!" అంది. చీర బాగుందంది. బావ పిల్లల్ని పిలిచి చూపించింది. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. నాకప్పుడే వెనక చదవాలనిపించలేదు. ఆవిడే, "తిప్పు. వెనక ఏం రాశారో చదువు" అంది.

చదివాను. ముందు చక్కెర. తర్వాత గ్లూకోజు. ఆ తర్వాత మామిడి గుజ్జు. ఆపైన పిండి, పులుపు కోసం ఒకటి, నిల్వకి ఒకటి, రంగు, వాసన. రూలు ప్రకారం ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత. ఎక్కడా తప్పు లేదు.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "నా బొమ్మకి వెనకాల ఇవన్నీ రాశారా?" అంది. బొమ్మ అంచున చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు ఇంకొన్ని ఉన్నాయి. అవేంటంది.

"బొమ్మ చూపించడానికి మాత్రమే అని, అత్తా."

"అంటే?"

"అంటే బొమ్మలో ఉన్నదానికీ లోపల ఉన్నదానికీ సంబంధం ఉండక్కర్లేదని."

"మరి నేనెందుకు?"

కవరు మళ్లీ బొమ్మ వైపుకి తిప్పి ఆవిడ చేతిలో పెట్టాను. పైన పటారం, లోన లొటారం అని మనం మనుషుల్ని అంటాం. ఇక్కడ పటారం మా అత్త.

ఆ రోజు నుంచి ఆవిడకి ఒకటే పట్టు, ఆ ప్యాకెట్ మీంచి తన మొహం తీసెయ్యాలి. వాళ్లని శిక్షించమని కాదు. ఒక పైసా అడగలేదు. "నా మొహం నాకిచ్చెయ్యమను. వాళ్ల చక్కెర వాళ్లు అమ్ముకోమను" అంది. బావ చేత హాట్ బాక్సు తిరిగి పంపించింది. పట్నంలో వాళ్ల ఆఫీసులో గేటు దగ్గర కాపలావాడు అది లోపలికి తీసుకోలేదు. బావ దాన్ని మళ్లీ ఇంటికి తెస్తే గడప దాటనివ్వలేదు. చివరికది ఆటో సీటు కింద పడుండేది.

ఆఫీసరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. "అమ్మా, వెనక రాసినదాంట్లో అబద్ధముంటే నేను పట్టుకోగలను. వాళ్లు వెనక అంతా నిజమే రాశారు" అన్నాడు.

"ముందో?"

"ముందు తప్పుదారి పట్టించే ప్రకటనలకి రూలుంది. పైకి రాస్తాను. కానీ మీరు నవ్వుతూ ఫొటో తీయించుకున్నారంటారు, బొమ్మ చూపించడానికేనని రాశాం కదా అంటారు."

"నవ్వమంటే నవ్వాను బాబూ."

ఆయన నిజంగానే పైకి రాశాడు. కొన్నాళ్లకి కంపెనీ వాళ్ల జవాబు వచ్చింది. ఆయన చెప్పినట్టే ఉంది. ఆయన మీద నాకు కోపం లేదు. అక్షరం ఎంత ఎత్తుండాలో, చుక్క ఏ రంగుండాలో రూలుంది. ఒక మనిషి మొహం వెనక ఏముండాలో రాసే దగ్గరికి వచ్చేసరికి ఆ రూళ్ల కాగితం అయిపోయినట్టుంది. కోపం ఎవరి మీదో తేల్చుకోలేకపోవడమే నాకు ఎక్కువ మండింది.

ఈలోగా ఊరు ఊరుకోలేదు. అత్తకి లక్షలొచ్చాయని ముసునూరంతా అనుకుంది. తోటల వాళ్లు కాయ రేటు పెంచి, "నీకేంటమ్మా, కంపెనీ ఓనరువి" అన్నారు. బస్సులో మొహం గుర్తుపట్టి, "మామ్మా, మీ తాండ్ర తిన్నాం. పళ్లకి అంటుకుపోతోంది, తీపి మరీ ఎక్కువేస్తున్నారు" అన్నారు. మొదట్లో ప్రతివాళ్లకీ అది నాది కాదమ్మా, నాది కాదు నాయనా అని చెప్పుకొచ్చేది. తను చెయ్యని తాండ్రకి తను సంజాయిషీ ఇచ్చుకోవడం. కొన్నాళ్లకి బస్సెక్కగానే పైట ముక్కు మీదిదాకా లాక్కుని కిటికీ వైపు తిరిగి కూర్చునేది. ఎదురు మాట్లాడకుండా మా అత్త బస్సు దిగడం నేనప్పుడే చూశాను.

పోయిన వేసవిలో రెండే చాపలు వేసింది. తెచ్చి నా కొట్లో పెట్టింది. ఆవిడ అక్కడ ఉండగానే యూనివర్సిటీలో చదివే కూతుర్ని చూడ్డానికి వచ్చిన ఒకావిడ కవరు తీసి, వెలుగులో పెట్టి చూసి, "ఇది నల్లగా ఉందేంటండీ? ప్యాకెట్‌లోది బంగారంలా ఉంటుంది. ఆ మామ్మ తాండ్రకి ఇది డూప్లికేటా?" అంది.

బెల్లం వేసిన తాండ్ర నల్లబడుతుంది. అది చెప్పడానికి నేను నోరు తెరిచాను. పక్కనే ఆ మామ్మ కూర్చునుంది. పైట తీసి మొహం చూపించలేదు. కొనడానికొచ్చినావిడ వెళ్లిపోయింది, కవరు బల్ల మీదే వదిలేసి.

అత్త లేచి, నేను అట్టపెట్టెల మీద రాసుకునే నల్ల మార్కరు తీసుకుంది. తిన్నగా బేకరీ ముందుకి వెళ్లింది. వేలాడుతున్న ప్యాకెట్ల దండ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఒక్కొక్క మొహం మీదా మార్కరుతో రుద్దడం మొదలుపెట్టింది. తొందరేం లేదు. చాప మీద గుజ్జు పరిచేంత నిదానంగా, అంచులు కూడా వదలకుండా. బేకరీ ఆయన పరిగెత్తుకొచ్చాడు.

"ఏయ్ మామ్మా! ఏంటిది? ఎవరి సరుకనుకుంటున్నావు?"

"సరుకు నీది. మొహం నాది. నాదాని మీదే రాసుకుంటున్నా."

"చెల్లెమ్మా, మీ అత్తకి పిచ్చెక్కిందా ఏంటి?"

జనం మూగారు. ఎవరో వీడియో తీశారు. నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. "ఇంకా చాలా ఉన్నాయే" అంది నాతో, చిన్నపిల్ల పని మధ్యలో ఆపమంటే అన్నట్టు. పాడైన ప్యాకెట్లన్నీ నేనే కొనుక్కుని తెచ్చి కొట్టు వెనక పడేశాను. బావొచ్చి ఆటోలో తీసుకెళ్లిపోయాడు. మళ్లీ ఆవిడ నూజివీడు రాలేదు.

ప్యాకెట్ వల్లే పోయిందని నేననను. అంత నాటకం ఆవిడకే నచ్చదు. ముసలిదయింది, జ్వరమొచ్చింది, గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. అయితే ఈ ఏడాది కాయ దిగినా ఆ వాకిట్లో చాప పరవలేదు. నా కొట్లో నేను చెయ్యని సరుకు గురించి ఒక్క అబద్ధం చెప్పకుండా ఇన్నాళ్లు నిలబడ్డానంటే ఆవిడ వల్లే. నా కొట్టు మూతబడేలా ఉన్న రోజుల్లో కూడా "తెలీకపోతే తెలీదని చెప్పు, కొనేవాడు మళ్లీ వస్తాడు" అని వెనక నిలబడింది. ఆవిడ కోసం నేను చేయించగలిగింది ఒక అర్జీ, అంతే. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

చావు దగ్గర కూడా ఇద్దరు ముగ్గురు ఆవిడ మొహం తేరిపారా చూసి, "ప్యాకెట్ మీద ఇంకా కళగా ఉంటుంది" అన్నారు. నేనేదో అనబోతే బావ నన్నే పక్కకి లాగాడు.

పెద్దకర్మ అయ్యాక కొట్టు తీశాను. ఆ రోజే కంపెనీ సేల్స్‌మన్ బండి వేసుకుని వచ్చాడు. నేను ఆ సరుకు పెట్టనని తెలుసు, బేకరీ దగ్గరే ఆగాడు. కొత్త ప్యాకెట్ చూపించాడు. దాని మీద ఇంకో మామ్మ ఉంది, కంప్యూటర్లో గీసిన మామ్మ. ముడతలు కూడా అందంగా వేశారు. నేను వెళ్లి, మా అత్త బొమ్మ ఎందుకు తీసేశారని అడిగాను. ఆఫీసరు రాసినది ఇన్నాళ్లకి పనిచేసిందేమోనని ఆశ.

"ఆవిడ కాలం చేశారంటగా అండీ. పోయినవాళ్ల బొమ్మ మీద సరుకు కదలదు. పేరంటాలకి పంచేది కదా, శుభమా అని తీసుకోరు."

బతికుండగా అర్జీ పెడితే రానిది, చచ్చిపోగానే వచ్చింది.

పాత సరుకు ఇంకా చాలా ఉంది. దాన్ని వెనక్కి తీసుకెళ్లరట, గడువు తీరలేదు. సేల్స్‌మన్ సంచిలోంచి గుండ్రటి ఎర్ర స్టిక్కర్లు తీశాడు, 'ఇప్పుడు మరింత రుచిగా' అని రాసున్నవి. బేకరీ ఆయన ప్యాకెట్లు ఒక్కొక్కటే పట్టుకుంటే అతను మొహం మీద సరిగ్గా అంటించి, బొటనవేలితో నొక్కుతున్నాడు. స్టిక్కర్ చిన్నది, గడ్డం దాకానే వచ్చింది. కింద జరీ చీర కనబడుతోంది, చాప కనబడుతోంది. మా అత్త చెయ్యి గుజ్జు పరుస్తూనే ఉంది.